రీమ్‌కు పెట్టిన కుడితి

జనవరి 3, శుక్రవారం

మేత రిజిస్టర్‌ను వెనక పేజీ నుంచి మొదలుపెడుతున్నాను. ముందు వైపు అంతా బర్సీమ్ గడ్డి ఎన్ని మోపులు, బార్లీ ఎన్ని బస్తాలు అని అరబ్బీ అంకెలు. వెనక వైపు నా తెలుగు. తాయిఫ్ ఊరికి ముప్పై కిలోమీటర్ల అవతల ఈ కొండ మీద తెలుగు చదవగలిగినవాణ్ణి నేనొక్కణ్ణే. కాబట్టి దాచుకోవాల్సిన పని కూడా లేదు.

పోయిన మేలోనే సెలవుకు పోయొచ్చాను, అయినా జుమా నమాజు అయ్యాక అబూ సాలెం ఇంకో సెలవుకు ఒప్పుకున్నాడు. ఆయన నా కఫీల్, ఈ మేకలకూ గొర్రెలకూ నాకూ యజమాని. ఫిబ్రవరి 5న ఎగ్జిట్ రీ-ఎంట్రీ, అంటే పోయి తిరిగొచ్చే వీసా, రెండు నెలలకు. నా భార్య సాబేరాకు కాన్పుకని డాక్టరమ్మ చెప్పిన తేదీ ఫిబ్రవరి 12. అంటే వారం ముందే నేను రాయచోటిలో ఉంటాను. ఈసారి ఉంటాను.

పోయినసారి లేను. దాని గురించి ఇందులో రాయను.

జనవరి 6, సోమవారం

చలి. సాబేరా ఫోన్ ఎత్తలేదు. స్నానానికి పోయి ఉంటుంది. నాలుగుసార్లూ స్నానానికే పోయిందా అని కూడా అనిపించింది.

జనవరి 8, బుధవారం

బార్లీ కొత్త లోడు వచ్చింది. పాతదానికంటే గింజ బలంగా ఉంది. ఇద్రీస్ బస్తా కుట్టు విప్పి తొట్లలో పోయబోతుంటే పరిగెత్తి చెయ్యి పట్టుకున్నాను. పాతది ముప్పాతిక, కొత్తది పావు. మూడు రోజులాగి సగం సగం. మొత్తం మారడానికి పది రోజులు పట్టాలి. ఇద్రీస్ సూడాన్ మనిషి. నడక నేర్చినప్పటి నుంచీ కాపరి, నాకంటే పదిహేనేళ్ళు పెద్ద. అంతా విని, "బార్లీ బార్లీయే కదా, దక్తూర్" అన్నాడు.

ఇంక నన్ను ఆపేవాడెవడు. మేకకు మేత వేస్తున్నామని మనం అనుకుంటాం, నిజానికి వేసేది దాని పెద్ద పొట్టలో ఉండే కంటికి కనబడని పురుగులకు, అన్నాను. అవి కోటానుకోట్లు. గడ్డిని అరిగించేవి వేరు, గింజను అరిగించేవి వేరు. ఉన్నట్టుండి గింజ ఎక్కువైతే గింజవి పెరిగిపోయి పొట్టంతా పులిసిపోతుంది, గడ్డివి చచ్చిపోతాయి. అవి చచ్చాక మేక ముందు ఎంత మేత ఉన్నా లాభం లేదు. పాలు, వెంట్రుక నిగనిగ, కడుపులో పిల్ల, కాళ్ళలో సత్తువ, చివరికి కంటి చూపు కూడా ఆ పొట్టలో నుంచే రావాలి. ఇద్రీస్ తన టీ తాగి, చల్లారుతోందని నా టీ కూడా తాగి, అప్పుడు తలూపాడు. గోడ మీద అరబ్బీలో పెద్ద అక్షరాలతో రాయించాను: దక్తూర్‌ను అడగకుండా రొట్టె, అన్నం పెట్టరాదు.

నేను డాక్టర్ను కాదు. పశుపోషణ డిప్లొమా చేసి, మా మండలంలో గోపాలమిత్రగా బండి మీద తిరిగినవాణ్ణి. ఇక్కడికి వచ్చిన మొదటి వారం ఒక గొర్రెకు ఉబ్బరం తగ్గిస్తే అబూ సాలెం భుజం తట్టి దక్తూర్ అన్నాడు. అప్పుడే చెప్పి ఉండాల్సింది. నాలుగేళ్ళయింది. ఇప్పుడు చెబితే అదొక గొడవ.

జనవరి 12, ఆదివారం

సాబేరా ఫోన్ ఎత్తింది. మొహం ఉబ్బిందని వీడియో వద్దంది. గొంతు చాల్లే అనుకున్నాను. చాల్లేదు.

మాటల మధ్యలో వెనక నుంచి ఒక చప్పుడు వచ్చింది. నా ప్రాణం లేచొచ్చింది. బర్రె కుడితి తాగుతోంది. మూతి మొత్తం ముంచి, అడుగున దిగిన తవుడు కోసం ముక్కుతో గాలి ఊది, బుడబుడమని బుడగలు తీసి, మళ్ళీ పీల్చడం.

"ఆ బకెట్ నువ్వు మోసినావా?"

"నేనేడ మోస్తా. మాయమ్మ మోసింది. నేను ఊరికే చెయ్యి పెట్టి కలిపినా, అంతే. నేను కలపకపోతే ఈ మహాతల్లి మూతి పెట్టదు."

"ఫోన్ దాని దగ్గర పెట్టు మే."

"ఎందుకబ్బా?"

"పెట్టు."

పెట్టింది. బర్రె తొట్టి నాకేదాకా ఇద్దరం వింటూ ఉన్నాం. బియ్యం కడిగిన నీళ్ళు, గంజి, తవుడు కలిసి కాస్త పులిసిన ఆ వాసన కూడా వచ్చిందని ఒట్టేసి చెప్పగలను.

ఆ బర్రె తల్లి వల్లనే సాబేరా నాకు దొరికింది. ఏడేళ్ళ కింద వాళ్ళింట్లో పెళ్ళి జరిగిన మరుసటి రోజు బర్రె పడిపోయిందని నన్ను పిలిచారు. డొక్క బిర్రబిగుసుకుపోయి ఉంది. "అన్నం ఎవరు పెట్టింది?" అని అరిచాను. ఇంటినిండా చుట్టాలు, ఒకరి మొహం ఒకరు చూసుకుంటున్నారు. పందిరి గుంజ దగ్గర నుంచి ఒకమ్మాయి ముందుకొచ్చింది. "నేనే పెట్టినా. పారబోసేదానికి మనసొప్పలా. కుడితిలో ఒక గంపెడు పోసినా, నిండు గంప" అంది. నిండు గంప అని చెప్పింది కాబట్టే దానికి తగ్గ మందు తాగించగలిగాను. బర్రె బతికింది. తిట్టాల్సినంత తిట్టి ఇంటికొచ్చి, ఆ పిల్లనే చేసుకుంటానని మా ఇంట్లో చెప్పాను.

ఇంక ఇరవై నాలుగు రోజులు.

జనవరి 17, శుక్రవారం

అబూ సాలెం కొడుకు సాలెం నిశ్చితార్థం విందు ఇక్కడే తోటలో పెట్టారు. మధ్యాహ్నానికి ముప్పై కార్లు. మనిషి పడుకునేంత పళ్ళాల్లో అన్నం, దాని మీద మాంసం. తిన్నంత తిని వెళ్ళిపోయారు. మిగిలిన అన్నం ఇక్కడ చెత్తలో వెయ్యరు, దేవుడిచ్చినదాన్ని తొక్కినట్టు అవుతుందని. పావురాలకు వేసి రమ్మని అబూ సాలెం ఇద్రీస్‌కు చెప్పాడు. ఇద్రీస్ రెండు పళ్ళాలు మోసుకుపోయాడు. మూడోది అక్కడే ఉంది.

వంటవాళ్ళు పారబోయకుండా వదిలేసిన బకెట్ ఒకటి ఉంది. బియ్యం కడిగిన నీళ్ళు. తెల్లగా, పైన నురగ. ఎండ తగిలి వాసన మొదలైంది.

రీమ్ కంచె మీద నుంచి తల చాపి నన్నే చూస్తోంది. రీమ్ శామీ జాతి మేక. వంగిన ముక్కు, మోకాళ్ళదాకా చెవులు, రాణిగారి నడక. అబూ సాలెం తల్లి, బతికున్నప్పుడు, దాన్ని సీసాతో పాలుపట్టి పెంచిందట. ఇప్పుడు చూడితో ఉంది, రంజాన్‌లో ఈనాలి.

కాస్త కుడితి కలిపాను. తవుడు లేదు కాబట్టి బార్లీ పిండి. చిటికెడు ఉప్పు. చెయ్యి మోచేతిదాకా పెట్టి కలిపితే అడుగున అన్నం మెత్తగా వేళ్ళకు తగిలింది. ఆ మెత్తదనం నా చేతికి గుర్తుంది. నాకు ఏడుపొచ్చింది, రాస్తే తప్పేముంది. రీమ్ ముందు వాసన చూసి తుమ్మింది. తర్వాత మూతి పెట్టింది. తర్వాత, ఎవరు నేర్పారో, ముక్కుతో ఊది బుడగలు తీసింది.

ఫోన్ తీసి ఆ చప్పుడు రికార్డు చేసి సాబేరాకు పంపాను. కాసేపటికే తన వాయిస్ వచ్చింది: "అబ్బా! మన బర్రె మాదిరే తాగుతాండాదే. ఇంగోటి పంపీ."

అన్నం రెండు గుప్పెళ్ళే వేశాను. మహా అయితే మూడు.

జనవరి 18, శనివారం

రీమ్ పొద్దున గడ్డి దగ్గరికి రాలేదు. రాత్రి మంచు పడింది కదా, చలి చేసి ఉంటుంది.

ఇద్రీస్ ఇసుకతో తొట్టి తోముతున్నాడు. రీమ్‌కు పెట్టిన తొట్టే. అంచుకు అంటుకుని ఎండిన అన్నాన్ని గోరుతో గీకి, తొట్టిని చూసి, నన్ను చూశాడు. అడిగితే ఏం చెప్పాలో ఆలోచించి పెట్టుకున్నాను. అడగలేదు.

రెండు గుప్పెళ్ళే కదా.

జనవరి 19, ఆదివారం

రీమ్ పడుకుని లేవడం లేదు. పళ్ళు నూరుతోంది. ఎడమ డొక్క మీద పిడికిలితో నొక్కితే లోపల నీళ్ళ చప్పుడు. పేడ పలచగా, పుల్లటి వాసన, అందులో అన్నం మెతుకులు. తెల్లవారుతూనే నీళ్ళలో వంటసోడా కలిపి తాగించాను. అబూ సాలెం వచ్చి చూసి, తాయిఫ్ వెళ్ళి పశువుల డాక్టర్ను తీసుకొచ్చాడు. ఈజిప్టు పెద్దాయన, నిజమైన డాక్టర్.

ఆయన మూడు ప్రశ్నలు వేశాడు. ఏం తిన్నది, ఎప్పుడు తిన్నది, ఎంత తిన్నది. తిన్నదాన్ని బట్టే వైద్యం. ఎక్కువ తిని ఉంటే పొట్ట కోసి ఉన్నదంతా తీసెయ్యాలి, తక్కువైతే సోడా, సూదులు చాలు.

అబూ సాలెం ఇద్రీస్ వైపు తిరిగాడు. "అన్నం నీ చేతికిచ్చాను."

"పావురాలకే వేశాను" అన్నాడు ఇద్రీస్.

"పావురాల దగ్గర రెండు పళ్ళాలే ఉన్నాయి. మూడోది ఏమైంది?"

ఇద్రీస్ నా వైపు చూశాడు. నేను రీమ్ కనురెప్ప ఎత్తి చూస్తున్నాను. కనురెప్పలో చూడాల్సిందేమీ లేదు.

"దక్తూర్, మీ అంచనా ఎంత?" అని ఈజిప్టు డాక్టర్ నన్నే అడిగాడు. సాటి డాక్టర్ను అడిగినట్టు, మర్యాదగా.

"రెండు గుప్పెళ్ళు ఉండొచ్చు" అన్నాను.

రెండు గుప్పెళ్ళకు సరిపడా మందు ఇచ్చి వెళ్ళాడు.

జనవరి 20, సోమవారం

రెండు గుప్పెళ్ళకు ఇంత రాదు. రెండు గుప్పెళ్ళకు ఇంత రాదు.

జనవరి 22, బుధవారం

పొద్దున రీమ్ నెలలు నిండకుండానే ఈసుకుపోయింది. రెండు పిల్లలు. చెవులు అప్పటికే పొడుగ్గా ఉన్నాయి. గడ్డి కప్పి, నేనే మోసుకెళ్ళి పూడ్చాను.

అబూ సాలెం కేకలు వేస్తాడనుకున్నాను. రీమ్ పక్కన నేల మీద కూర్చుని దాని చెవి ఒళ్ళో పెట్టుకున్నాడు. చాలాసేపటికి లేచి, ఇద్రీస్ మొహం చూడకుండా, "ఆదివారం ఆఫీసుకు వెళ్ళి నీకు ఫైనల్ ఎగ్జిట్ వేస్తాను" అన్నాడు.

ఇద్రీస్ ఊరు యుద్ధంలో కాలిపోయింది. భార్యాపిల్లలు సరిహద్దు దాటి ఏదో శిబిరంలో ఉన్నారని పోయిన రంజాన్‌లో ఎవరో చెప్పారు, ఆ తర్వాత ఏ కబురూ లేదు. ఫైనల్ ఎగ్జిట్ వేస్తే, అంటే మళ్ళీ రాకుండా పంపేస్తే, ఆ మనిషి ఇక్కడి నుంచి బయటికైతే పోతాడు. ఎక్కడికి పోతాడు?

నేను నోరు తెరిచాను. తెరిచానని ఇక్కడైనా రాసుకోవాలి. ఫిబ్రవరి 5 గుర్తొచ్చింది. మూసేశాను.

జనవరి 23, గురువారం

టికెట్ మెసేజ్ వచ్చింది. జెడ్డా నుంచి బెంగళూరు. నాలుగుసార్లు చదివాను. పేరు స్పెల్లింగ్ సరిగ్గానే ఉంది.

జనవరి 24, శుక్రవారం

రీమ్ పొట్ట చచ్చిపోయింది. పులుపు తగ్గింది కానీ లోపల కదలిక లేదు. డొక్కకు చెవి ఆనిస్తే నిమిషానికి ఒక ఉరుమైనా వినబడాలి. ఏమీ లేదు. గడ్డి నోట్లో పెడితే నమలకుండా వదిలేస్తుంది. పురుగులన్నీ పోయాయి, ఇంక అరిగించేవాళ్ళెవరూ లేరు.

మధ్యాహ్నం ఇద్రీస్ ఒక తెల్లమేకను పక్కకు తోలుకొచ్చాడు. అది తీరిగ్గా నెమరేస్తోంది. దాని మెడ వెంబడి ముద్ద పైకి వచ్చేదాకా కాచుకుని, వచ్చిన క్షణంలో దవడ పట్టి, రెండు వేళ్ళు లోపలికి పోనిచ్చి, ఆ పచ్చటి ముద్దను లాగేశాడు. తెల్లమేక బిత్తరపోయింది. ఆ వేడి ముద్దను అట్లాగే రీమ్ నాలుక వెనక పెట్టి, గొంతు నిమిరి మింగించాడు. మళ్ళీ తెల్లమేక. మళ్ళీ రీమ్. పదకొండుసార్లు.

ఆరోగ్యంగా ఉన్న పశువు పొట్టలోని పురుగుల్ని జబ్బు పశువుకు ఎక్కించడం. ఇది నేను పుస్తకంలో చదివి, పరీక్షలో రాసి, మార్కులు తెచ్చుకున్నాను. అయిదు రోజులుగా నా ఎదురుగా ఎనభై మేకలు నెమరేస్తూనే ఉన్నాయి. నాకు తోచలేదు. నాకు అప్పుడు నా కడుపు గురించి తప్ప ఏ కడుపు గురించీ ఆలోచన లేదు.

"ఇది నీకు ఎవరు నేర్పారు?" అన్నాను.

వేళ్ళు తుడుచుకుంటూ నా వైపు చూశాడు. "మా నాన్న. నువ్వు చెబుతావని మొదటి రోజు చూశాను, కాలేషా. రెండో రోజు కూడా చూశాను."

దక్తూర్ అనలేదు. ఈ కొండ మీద నా పేరు వినడం నాలుగేళ్ళలో ఇదే మొదటిసారి.

"మరి నువ్వెందుకు చెప్పలేదు?"

"నా మాట ఎవరు నమ్ముతారు? గోడ మీద నీ పేరు రాసి ఉంది."

జనవరి 25, శనివారం

సాబేరాతో మాట్లాడాను. అంతా రాస్తాను.

"ఆ మేక ఎట్లుండాది?" అని అడిగింది. "దినామూ ఆ వాయిస్ పెట్టుకుని ఇంటాండా. ఇంటాంటే కడుపులో ఇది నెమ్మదిగా పండుకుంటాది."

ఒంట్లో బాగాలేదని చెప్పాను. ఏమైందంది. అన్నం అరగలేదన్నాను. ఎంత పెట్టినావంది. రెండు గుప్పెళ్ళన్నాను.

ఫోన్ చెవి నుంచి తీసి ఏదో చూసుకున్న చప్పుడు.

"ఏమయ్యా, ఆ వాయిస్ నాలుగు నిమిషాల పన్నెండు సెకన్లుండాది. రెండు గుప్పెళ్ళు తాగేదానికి నాలుగు నిమిషాలు పడతాదా? నేను పుట్టినప్పట్నించి కుడితి పెడతాండా. అడుగు నాకే చప్పుడు గూడా ఇనపడలా అందులో. ఇంగా తాగుతాండంగానే నువ్వు ఆపేసినావు."

మొత్తం చెప్పాను. ఇద్రీస్ సంగతి, ఆదివారం సంగతి.

"చెప్పు పో" అంది.

"చెబితే నా సెలవు పోతాది సాబేరా."

"తెలుసు."

"నువ్వొక్కదానివే..."

"నువ్వు రాకపోయినా ఏం ఫర్లేదని నేననను. నాకు నువ్వు కావల్ల. దినాలు లెక్కబెట్టుకుంటాండా. నీ చొక్కా తలగడకు తొడిగి పండుకుంటాండా, తెలుసునా నీకు? అయినా చెప్పు పో. ఆయప్పకు గూడా యాడనో ఒక పెండ్లాముంటాది. ఆయమ్మ గూడా లెక్కబెట్టుకుంటా ఉంటాది." మళ్ళీ అంది: "ఎంత పెట్టినావో చెప్పకపోతే మందు ఎట్ల పనిచేస్తాదని ఆపొద్దు నువ్వే కదా అందరి ముందర చెప్పింది. అది ఇన్నంకనే నిన్ను చేసుకోవాలనుకున్నా నేను."

రాయనన్నది కూడా రాసేస్తాను. మూడేళ్ళ కింద మాకు ఒక బిడ్డ పుట్టి తొమ్మిదో రోజు విరేచనాలతో పోయాడు. మొదటి పాలు మంచివి కావని పిండి పారబోసి, మూడు రోజులు చక్కెర నీళ్ళు పట్టారు. అవి ఏ నీళ్ళో. దూడ పుట్టిన గంటలో జున్నుపాలు తాగించండి, దాని పేగుకు అదే మొదటి కాపలా అని ఊరూరా తిరిగి చెప్పినవాణ్ణి నేను. ఆ రోజు ఫోన్లో అత్త చక్కెర నీళ్ళు పడుతున్నామని చెప్పింది. పెద్దవాళ్ళ మాటకు అడ్డం చెప్పడమెందుకని, ఊఁ అన్నాను. దానివల్లనే పోయాడని ఎవరూ అనలేదు. నాకు తెలుసు. తెలిసీ నోరు మెదపలేదు.

జనవరి 26, ఆదివారం

అబూ సాలెం కారు ఎక్కకముందే వెళ్ళి నిలబడ్డాను.

"రీమ్‌కు అన్నం పెట్టింది నేను. ఇద్రీస్ కాదు."

"ఎంత?" అన్నాడు.

"ఒక పళ్ళెం. మొత్తం. రెండు డబ్బాల బార్లీ పిండి కూడా. తొట్టి ముప్పాతిక నిండింది. అది తాగినంతసేపూ నేను పక్కనే ఉన్నాను." తర్వాత నోరు ఆగలేదు. "నేను డాక్టర్ను కూడా కాను. డిప్లొమానే."

ఆయన కారు తలుపు మూశాడు. "నువ్వు డాక్టర్వి కాదని నాకు తెలుసు. నీ ఇకామా కార్డు తీయించింది ఎవరు? అందులో నీ పని కాపరి అని రాసి ఉంది. నీకు ఆ పిలుపు ఇష్టమని అట్లా పిలిచాను." కారు తాళాలు జేబులో వేసుకున్నాడు. "ఎందుకు పెట్టావు?"

ఎందుకు పెట్టానో అరబ్బీలో చెప్పడం నాకు చేతకాలేదు. మా ఇంట్లో పశువు అట్లా తాగుతుంది, ఆ చప్పుడు వినాలనిపించింది, అన్నాను. పిచ్చివాడి మాట లాగే ఉంది. ఆయన నవ్వలేదు, తిట్టలేదు.

"అది మా అమ్మ మేక. మళ్ళీ అది తన కాళ్ళ మీద నిలబడి మందలో మేసేదాకా నువ్వు ఇక్కడి నుంచి కదలడానికి లేదు. నీ సెలవు ఆ తర్వాత."

ఆ తర్వాత ఇద్రీస్ దగ్గరికి వెళ్ళి రెండు చేతులతో తల పట్టుకుని నడినెత్తి మీద ముద్దుపెట్టాడు. క్షమించమని అడగడం ఇక్కడ అట్లాగే. ఇద్రీస్ ఆయన భుజం తట్టాడు. వెనకాలే నేనూ వెళ్ళాను. ఇద్రీస్ తల పక్కకు తిప్పుకుని, మేకలకు నీళ్ళు పెట్టాలని వెళ్ళిపోయాడు.

జనవరి 27, సోమవారం

సాబేరాకు చెప్పాను. "సరే" అంది. ఇద్దరం ఏడ్చాం. తను దగ్గుతున్నట్టు నటించింది, నేనూ దగ్గాను.

ఫిబ్రవరి 2, ఆదివారం

రీమ్ లేచి నిలబడింది. ముందు కాళ్ళు వణికాయి, అయినా పడలేదు. ఎండుగడ్డి రోజుకు ఒక పిడికెడు. గింజ ఊసే లేదు. రోజూ మధ్యాహ్నం తెల్లమేక నుంచి ముద్ద తీసి పెట్టడం ఇప్పుడు నా పని. రెండుసార్లు వేలు కొరికించుకున్నాను. మూడోసారి ఇద్రీస్ వచ్చి, మాట్లాడకుండా, దవడ ఎక్కడ పట్టాలో నా చెయ్యి పట్టుకుని చూపించి వెళ్ళాడు.

పొట్ట చెడగొట్టడానికి ఒక మధ్యాహ్నం చాలింది. మళ్ళీ ఊరు కట్టినట్టు కట్టాలంటే నెలన్నర పడుతుంది. అందులో నేను తొందరపడితే మళ్ళీ మొదటికొస్తుంది. ఈ సంగతి బాగా తెలిసినవాణ్ణి నేనే.

ఫిబ్రవరి 5, బుధవారం

మధ్యాహ్నం ఒక విమానం కొండ మీదుగా పోయింది. అది బెంగళూరు విమానమే అనుకోవడానికి ఆధారం ఏమీ లేదు. అనుకున్నాను.

ఫిబ్రవరి 10, సోమవారం

తెల్లవారుజామున నొప్పులు మొదలయ్యాయని అత్త ఫోన్ చేసింది. అప్పటి నుంచీ ఫోన్ చేత్తో పట్టుకునే గడ్డి వేశాను, నీళ్ళు పెట్టాను, పేడ ఎత్తాను. ఒకే తొట్టికి రెండుసార్లు నీళ్ళు పోశాను.

పదిన్నరకు ఫోన్ మోగింది. ఆడపిల్ల. ఇద్దరూ బాగున్నారు. వెనక బిడ్డ ఏడుపు.

"సల్లంగుండాది నాయనా" అంది అత్త ఫక్రున్నీసా. "రోంత తేనె నాకిచ్చి, చక్కెర నీళ్ళు..."

"వద్దత్తా."

నా గొంతు నాకే కొత్తగా వినిపించింది. ఏడేళ్ళలో ఆమెకు నేను వద్దు అని చెప్పింది లేదు.

"తేనె వద్దు. చక్కెర నీళ్ళు వద్దు. ఏ నీళ్ళూ వద్దు. సాబేరా ముర్రుపాలు, ఇప్పుడే. పసుపుపచ్చగా ఉంటాయి, రెండు చుక్కలే వస్తాయి, అవే చాలు. ఒక్క చుక్క పారబోసినా నేను ఒప్పుకోను."

"మన ఇండ్లల్లో అట్ల లేదు నాయనా..."

"అత్తా, పోయినసారి నేను ఊఁ అన్నాను. నాకు తెలిసీ ఊఁ అన్నాను. నన్ను తిట్టుకో, కానీ ఈసారి అనను. నర్సమ్మను కూడా అడుగు, ఆమె కూడా ఇదే చెబుతాది."

అవతల అత్త సాబేరాతో అనడం వినిపించింది: "ఒళ్ళోకి తీసుకోమ్మే దీన్ని. మీ ఆయన ఒప్పుకోడంట."

ఫిబ్రవరి 11, మంగళవారం

మధ్యాహ్నం మేత గదిలో బస్తా మీద కూర్చుని ఉండగా సాబేరా నుంచి వాయిస్ వచ్చింది. మాటల్లేవు. ముందు గుడ్డ కదిలిన చప్పుడు. తర్వాత చిన్నగా చప్పరించడం. ఆగడం. ముక్కుతో గట్టిగా ఊపిరి వదలడం. మళ్ళీ అందుకోవడం. మింగుతున్న ప్రతిసారీ గొంతులో చిన్న టిక్కు. మధ్యలో ఒకసారి సాబేరా నవ్వు.

కింద రెండు ముక్కలు టైపు చేసింది: "ఎంత తాగిందో నువ్వే చెప్పు."

మొదటి రోజు బిడ్డ కడుపు రేగుపండంత ఉంటుంది. "చెంచాడు" అని రాసి పంపాను. తర్వాత, "దానికి అదే కడుపునిండా" అని కూడా పంపాను. తర్వాత ఏం రాయాలో తెలియలేదు. నాకు వాళ్ళిద్దరూ కావాలి. ఆ చెంచాడు పాల వాసన కావాలి. తలగడకు తొడిగిన ఆ చొక్కాలో నేను ఉండాలి.

తల ఎత్తేసరికి ఇద్రీస్ గుమ్మంలో ఉన్నాడు. ఎంతసేపటి నుంచి ఉన్నాడో. రీమ్ నెమరేస్తోందని చెప్పడానికి వచ్చాడట, తనంతట తనే, ఎవరి ముద్దా పెట్టకుండా. ఇద్దరం వెళ్ళి చూశాం. గోడ నీడలో పడుకుని, కళ్ళు సగం మూసుకుని, దవడ అటూ ఇటూ తిప్పుతోంది. డొక్కకు చెవి ఆనించాను. లోపల ఉరిమింది.

"అదేమిటి విన్నావు అక్కడ?" అన్నాడు ఇద్రీస్, నా చేతిలో ఫోన్ చూపిస్తూ.

"నా కూతురు. పాలు తాగుతోంది."

చెయ్యి చాపాడు. ఇచ్చాను. గడ్డం కింద తలపాగా సర్దుకుని, ఫోన్ చెవికి గట్టిగా ఆనించుకుని, నేల చూస్తూ విన్నాడు. చివరిదాకా విన్నాడు. అతనికి కడసారి పిల్లల గొంతు వినిపించి ఎన్నాళ్ళయిందో నేను ఎప్పుడూ అడగలేదు.

అయిపోయాక ఫోన్ ఇవ్వలేదు.

"ఇంకోసారి పెట్టు, కాలేషా" అన్నాడు.

పెట్టాను.